రెండు వందల ముప్ఫై రెండో చుక్క

వెంకటపతి ఆచారి చేతి మీదుగా బయటికి పోయిన వస్తువు ఏదైనా సరే, ఓపిగ్గా వెతికితే దాని మీద ఎక్కడో ఒకచోట అక్కరలేని చుక్క ఒకటి దొరుకుతుంది. స్టీలు బిందె మీద పెళ్ళికూతురి పేరు కొట్టినా, బడిపిల్లల పరుగుపందెం కప్పు మీద సంవత్సరం వేసినా, గుడి హారతిపళ్ళెం అంచున దాత పేరు చెక్కినా, పనంతా ముగిశాక ఉలి మొన ఒక్కసారి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టి, ఒక చుక్క ఎక్కువ పెట్టేవాడు. పసిబిడ్డ బుగ్గన కాటుక పెట్టినట్టే అదీ. పని లోపం లేకుండా కుదిరిందంటే నలుగురి కళ్ళూ పడతాయి, ఆ కళ్ళు మంచి చెయ్యవు, కాబట్టి మనమే ముందుగా ఒక చిన్న లోపం పెట్టి పంపాలని వాళ్ళ నాన్న చెప్పేవాడు. ఆ చుక్క ఎక్కడుందో కొన్నవాడికి తెలియకూడదు. చేసినవాడికి మాత్రమే తెలియాలి.

ఇది ఒక్క చూలై పేట ఆచారుల పిచ్చి అనుకోనక్కరలేదు. తివాచీ నేసేవాళ్ళు కావాలనే ఒక ముడి తప్పు వేస్తారని ఎక్కడెక్కడి దేశాల గురించో చెబుతారు, నిజానిజాలు ఆ నేసేవాళ్ళకే తెలియాలి. ఊరి చివర షోళింగనల్లూరులో అద్దాల మేడ ఎన్ని అంతస్తులు లేచినా, పరంజాకు రాక్షసుడి మొహం గీసిన గుమ్మడికాయ వేలాడుతూనే ఉంటుంది. ఆ మేడలో రేపు కూర్చోబోయేవాళ్ళు ఎంత లెక్కలు తెలిసినవాళ్ళైనా, మేస్త్రి దాన్ని దించడు. మనిషి తాను చేసిన పనికి తానే భయపడటం చాలా పాత సంగతి. వెంకటపతి భయం ఆ వరసలోదే. కాకపోతే ఆవగింజంత.

వాళ్ళ తాత గూడూరు పక్కనించి తమిళదేశం వచ్చి చూలైలో దిగాడు. అంతకుముందెప్పుడో అక్కడ ఇటుకబట్టీలు ఉండేవట. తాత వచ్చేసరికి బట్టీలు పోయి సందుసందునా రేకుపనివాళ్ళు, పోతపనివాళ్ళు, మరచీలల వ్యాపారులు చేరారు. వెంకటపతి పదకొండో ఏట బడి మానేసి ఒక పాత్రల కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. జనం కొన్న గిన్నెను కొన్నట్టే తెచ్చి ఆయన ముందు పెట్టి పేరు చెప్పేవాళ్ళు. ఆయన చుక్క పక్కన చుక్క కొట్టి పేరు తేల్చేవాడు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, అడిగితే హిందీ కూడా. ఏ అక్షరమైనా ఆయన కంటికి గీతగా ఆనదు, చుక్కల బారుగానే కనపడుతుంది. పెద్దయ్యాక వాళ్ళ నాన్న బల్ల ఎక్కి కప్పులూ షీల్డులూ పతకాలూ చెక్కడం మొదలుపెట్టాడు. యాభై ఏడేళ్ళు అలా గడిచాయి. ఊళ్ళో ఎన్ని వంటిళ్ళలో, ఎన్ని స్కూలు బీరువాల్లో ఆయన కొట్టిన పేర్లున్నాయో లెక్క లేదు. అందులో ఒక్కటి కూడా ఆయన పేరు కాదు.

ఇప్పుడాయనకు అరవై ఎనిమిది. కొట్టు నడిపేది విఘ్నేష్. ఆయన అక్క కొడుకు, కూతురినిచ్చిన అల్లుడు కూడా. ఆరేళ్ళ కిందట విఘ్నేష్ లేజర్ యంత్రం కొని ముందుగదిలో పెట్టాడు. మామ బల్ల వెనక కిటికీ దగ్గరికి పోయింది. యంత్రం గంటలో నలభై షీల్డులు చేస్తుంది. బల్లకు నెలలో ఒక పని వస్తే గొప్ప. దానికి తోడు ఉలి పట్టే ఎడమచేతి బొటనవేలు ఏడాదిగా వణుకుతోంది. ఊపిరి బిగబట్టి కొడితే వణుకు ఆగుతుంది. కానీ ఎంతసేపని బిగబడతాడు? "నీ బొటనవేలిని మృదంగం నేర్పేవాళ్ళ దగ్గర వదిలి రా, దానికన్నా ఒక పని దొరుకుతాది" అనేది భార్య అమ్ములు, కాఫీ గ్లాసు అందిస్తూ. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ పరిస్థితుల్లో వచ్చింది వరదలక్ష్మి.

ఆమెది చింతాద్రిపేట. ఊరికి దక్షిణాన ఉన్న ఒక పరిశోధన సంస్థలో ఆఫీసు సూపరింటెండెంటు. ప్రయోగశాల అనేదే లేని సంస్థ అది. అక్కడివాళ్ళ పనిముట్లు నల్లబల్ల, సుద్దముక్క, కంప్యూటరు. వెంకట్రావు అనే ఒక పాత ఫిజిక్సు మాస్టారి పేరున ఆయన శిష్యులు పెట్టిన పురస్కారాన్ని మూడేళ్ళకొకసారి ఆ సంస్థ ఇస్తుంది. సైద్ధాంతిక సాంఖ్యక భౌతికశాస్త్రంలో చేసిన పరిశోధనకు. పేరు విని బెదరనక్కరలేదు. సాయంత్రం సెంట్రల్ స్టేషన్‌లో నిలబడితే ఎదురుగా వచ్చే ఒక్క మనిషి ఎటు పోతాడో బ్రహ్మ కూడా చెప్పలేడు. మొత్తం జనం ఎటు పారుతుందో మాత్రం టీకొట్టువాడు కూడా చెబుతాడు. అణువుల సంగతీ అంతే. ఒక్కటి మాట వినదు, కోటి కలిస్తే ఒక పద్ధతికి వస్తాయి. ఆ పద్ధతిని కాగితం మీద పట్టుకోవడమే వాళ్ళ శాస్త్రం.

మొట్టమొదటి పతకం వెంకటపతి వాళ్ళ నాన్న చేతి పని అని పాత ఫైలులో దొరికిందట. ఈసారి మళ్ళీ చేత్తోనే చేయించాలని కమిటీ అనుకుంది. ఒక వైపు మాస్టారి ముఖం, పాత అచ్చులో పోసేది. రెండో వైపు పురస్కారం పొందుతున్న ప్రొఫెసర్ కౌముది ఇచ్చిన బొమ్మ. సభలో పతకం చేసిన శిల్పికి శాలువా కప్పుతామనీ, ఆహ్వానపత్రం మీద ఆయన పేరు వేస్తామనీ వరదలక్ష్మి చెప్పింది. "ఏ పేరు వేయమంటారు ఆచారిగారూ?" అని పెన్ను తీసింది. వెంకటపతి తన పేరు తానే కొత్తగా వింటున్నట్టు, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు.

బొమ్మ మామూలు గళ్ళ కాగితం. ఇరవై వరసలు, వరసకు ఇరవై గళ్ళు. కొన్ని గళ్ళలో చుక్క, కొన్ని ఖాళీ. చుక్కలు మొత్తం రెండు వందల ముప్ఫై ఒకటి. పువ్వు లేదు, ఆకు లేదు, ఎటు తిప్పినా ఒక రూపం లేదు. "ఏమి మామా ఇది, అమ్మోరు పోసినట్టు ఉండాది" అన్నాడు విఘ్నేష్. కాగితం కింద ఇంగ్లీషులో రెండు పంక్తులు రాసి ఉన్నాయి. విఘ్నేష్ వాటిని చూసి, ఉండేది ఉండేట్టే కొట్టమన్నారు మామా అని క్లుప్తంగా చెప్పేశాడు.

తొమ్మిది రోజులు పట్టింది. లక్క పరిచిన చెక్క మీద రాగిబిళ్ళను బిగించి, భూతద్దం కంటికి తగిలించుకుని, రోజుకు పాతికో ముప్ఫయ్యో చుక్కలు. వేలు మొరాయించినప్పుడు లేచి సందు చివరిదాకా నడిచి వచ్చేవాడు. అయిపోయిన రోజున చూస్తే, చిన్నప్పుడు పాత్రల కొట్టు అరుగు మీద కూడా తన చెయ్యి అంత నిలకడగా ఉండలేదేమో అనిపించింది. అంత బాగా కుదిరింది కాబట్టే భయమూ వేసింది. దిష్టిచుక్క ఎక్కడ పెట్టాలి? అంచున పెడితే తెలుస్తుంది. వెలితిగా ఉన్న చోట పెడితే ఇంకా తెలుస్తుంది. నాలుగు పక్కలా చుక్కలుండి మధ్యలో ఒక్క గడి ఖాళీగా ఉన్న చోటైతే ఎవరి కన్నూ పట్టదు. బిళ్ళను వెలుగులో తిప్పి, నడిమికి కొంచెం ఎడంగా అలాంటిదొకటి ఎంచుకున్నాడు. ఉలి ఆనించి, తట్టి, తుడిచి, పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో పెట్టాడు. సోమవారం వరదలక్ష్మి వచ్చి తీసుకుపోయింది. సభ శుక్రవారం.

బుధవారం పొద్దున తమిళ పేపరులో కౌముది గురించి అరపేజీ వేశారు. వెంకటపతికి తెలుగు చదవడం కంటే తమిళం చదవడం సులువు. చూలై పిల్లలందరిదీ అదే కథ. కాఫీ చల్లారుతున్నా వదలకుండా చదివాడు. పక్కనే ఆ గళ్ళ బొమ్మ. ఒక్కో చుక్కా తెరిచిన తలుపు లాంటిదట, ఖాళీ గడి మూసిన తలుపు. పైవరసలో నీళ్ళు పోస్తే తెరిచిన తలుపుల గుండా, పక్కకో కిందికో పారుతూ అడుగు వరస చేరతాయా లేదా అన్నది ప్రశ్న. తలుపులు కొన్నే తెరిచి ఉంటే చేరవు. చాలా తెరిచి ఉంటే చేరతాయి. ఈ రెంటికీ మధ్య ఒక అంచు ఉంది. ఆ అంచు మీద ఒక్క తలుపు వల్ల మొత్తం తారుమారవుతుంది. అలాంటి ఒక్క తలుపులు ఎక్కడెక్కడ ఉంటాయి, ఎన్ని ఉంటాయి అన్నది కౌముది పదకొండేళ్ళ పని. ఈ బొమ్మలో నీళ్ళు అడుగుకు చేరవు, ఒకే ఒక్క తలుపు మూసి ఉన్నందువల్ల, అని రాశారు.

వరదల ఏడాది ఆయనకు గుర్తుంది. నీళ్ళు ఒక రోజంతా వీధి మొగలో ఆగి, కాలువ మీద ఒక్క రాతిపలక జరగగానే సాయంత్రానికి ఇళ్ళలోకి వచ్చాయి. కాబట్టి ఇందులో అర్థం కానిదేమీ లేదు. అర్థమైనందువల్లే కాఫీ వదిలేసి లేచాడు. తన దగ్గర మిగిలిన గళ్ళ కాగితం నకలు తెచ్చుకుని, చీపురుపుల్ల విరిచి, పైవరస నుంచి దారి వెతకడం మొదలుపెట్టాడు. ఎటు పోయినా దారి మూసుకుంటోంది. గంటన్నర తరువాత పుల్ల ఒక ఖాళీ గడి ముందు ఆగింది. దాని నాలుగు పక్కలా చుక్కలు. నడిమికి కొంచెం ఎడంగా. ఆ గడి దాటిస్తే పుల్ల తిన్నగా కాకపోయినా వంకర్లు తిరిగి అడుగుదాకా దిగిపోయింది.

ముందుగదిలోకి పోయి విఘ్నేష్‌కు చెప్పాడు. విఘ్నేష్ యంత్రం ఆపకుండానే విన్నాడు.

"ఎవురు చూస్తారు మామా దాన్ని? ఫోటో తీసి బీరువాలో పెడతారు. అంతే గదా."

"ఆయమ్మ చూస్తాది."

"రెండు నూర్ల చుక్కలు లెక్కబెట్టుకుంటా కూర్చునేదానికి ఆయమ్మకు వేరే పని లేదా?"

"ఆయమ్మకు ఉండే పనే అది గదరా" అన్నాడు వెంకటపతి.

విఘ్నేష్‌కు నవ్వొచ్చింది గానీ, మామ మొహం చూసి మింగేశాడు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చేతి పని అని చెప్పుకుని తప్పు పంపిన కొట్టుకు మళ్ళీ చేతి పని రాదు. కిటికీ దగ్గరి బల్ల ఎత్తేసి ఆ చోట ఇంకో యంత్రం పెట్టడానికి విఘ్నేష్ దగ్గర పటం కూడా సిద్ధంగా ఉంది, పైకి అనలేదంతే. ఆహ్వానపత్రం మీది పేరూ పోతుంది. చెప్పకపోతే ఏమీ కాదు. అది విఘ్నేష్ లెక్క. లోకంలో నూటికి తొంభైమంది లెక్క.

వెంకటపతి చొక్కా మార్చుకుని బస్సెక్కాడు.

రెండు బస్సులు మారి సంస్థకు చేరేసరికి మధ్యాహ్నమైంది. వరదలక్ష్మి ఆయనను చూసి ముందు శాలువా రంగు గురించి అడగడానికి వచ్చాడనుకుంది. విన్నాక కుర్చీలో కూలబడి, ఇప్పుడెందుకు చెప్పినారు ఆచారిగారూ, ఊరుకోని ఉంటే పోయేదే అని గొణిగింది. అయినా పెట్టె తీసుకుని ఆయనను పై అంతస్తుకు తీసుకుపోయింది.

కౌముది ఏభై దాటిన మనిషి. తెనాలి ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ పాతికేళ్ళయింది, మాట మాత్రం ఆ వైపుదే. గదిలో గోడంతా నల్లబల్ల, నేల మీద సుద్దపొడి. ఆమె పతకాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. వేలిగోరు ఒక్కచోట ఆగింది. ఆయన చీపురుపుల్లకు గంటన్నర పట్టిన చోటికి ఆమె గోరు ఒక్క క్షణంలో పోయింది.

"ఇక్కడెందుకు పెట్టారండీ?" అని అడిగింది. కోపం లేదు, తెలుసుకోవాలన్నట్టే.

దిష్టి సంగతి చెప్పాడు. నాన్న సంగతి, తాత సంగతి, కళ్ళకు ఆనని చోటు వెతికిన సంగతి. చెబుతూ ఉంటే ఆ గదిలో, ఆ గోడల మధ్య, తన మాటలు తనకే చిన్నపిల్లల మాటల్లా వినపడ్డాయి. ఆమె నవ్వలేదు.

"ఇలా నాలుగు పక్కలా చుక్కలుండి మధ్యలో ఖాళీగా ఉన్న గళ్ళు ఇందులో పదిహేడున్నాయండీ. మిగతా పదహారింట్లో దేంట్లో పెట్టినా నీళ్ళు దిగేవి కావు. చూసి కూడా ఊరుకునేదాన్ని. ఇంట్లో పిల్లకి నేనూ కాటుక పెట్టినదాన్నే."

"తెలీక చేసినానమ్మా."

"తెలుసు. కానీ ఆ గడి ఖాళీగా ఉండటమే నా పని. అది నిండితే ఈ బొమ్మ నాది కాదండీ. ఎల్లుండి సభకి వచ్చేవాళ్ళలో పదిమందైనా దీన్ని చేతిలోకి తీసుకోగానే దారి వెతుకుతారు. మాకు అదో జబ్బు."

చెరపడం కుదరదా అని ఆమె అడిగింది. టంకం పోసి పూడ్చవచ్చు గానీ రాగి మధ్యన తెల్లగా మెరుస్తుంది, గీకి నునుపు చేస్తే ఆ చోట గుంట పడుతుంది అని ఆయన చెప్పాడు. అచ్చు పోసినప్పుడు అదనంగా పోసిన బిళ్ళలు రెండు ఇంకా ఉన్నాయనీ చెప్పాడు. శుక్రవారానికి ఇంకొకటి చెయ్యగలరా అని ఆమె అడిగింది.

తొమ్మిది రోజుల పని. చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు. ఆ లెక్కకు శాస్త్రవేత్త అక్కరలేదు. కానీ ఆమె "చెయ్యగలరా" అన్న తీరులో చెయ్యగలడన్న నమ్మకం వినపడింది. ఏళ్ళ తరబడి ఆయనను ఎవరూ అలా అడగలేదు. "చేస్తానమ్మా" అన్నాడు. తెలియక పెట్టిన చుక్క మొదటి తప్పు. ఈ మాట రెండోది, ఇది తెలిసే.

సాయంత్రం వెలుగున్నంతసేపు కొట్టాడు. గురువారం తెల్లారగానే మళ్ళీ కూర్చున్నాడు. అన్నం దగ్గరికి లేవలేదు. అమ్ములు గిన్నె తెచ్చి పక్కన పెట్టి, ఈసారి మృదంగం మాట ఎత్తలేదు. పన్నెండు గంటలకు అరవై నాలుగు చుక్కలు అయ్యాయి. అరవై ఐదోది కొట్టేటప్పుడు వేలు జారింది. మొన పక్క గడిలోకి ఒరిగి, రెండు గళ్ళు కలిసిపోయి, కన్నీటిచుక్క ఆకారంలో ఒక గుంట పడింది.

వెంకటపతి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత మిగిలిన ఒక్క బిళ్ళను చేత పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు.

"ఇది నువ్వు చెయ్యి" అన్నాడు.

ఈ రోజు కోసం ఆరేళ్ళుగా కాచుకుని ఉన్న విఘ్నేష్‌కు తీరా వస్తే చేతులాడలేదు. "మామా, కమిటీ వాళ్ళకు గడువు అడుగుదామా?" అన్నాడు.

"అడిగితే ఇస్తారు. నా వేలు ఇస్తాదా?"

యంత్రానికి నలభై నిమిషాలు పట్టింది. వెంకటపతి పక్కనే నిలబడి కాగితంతో పోల్చుకుంటూ ఒక్కో చుక్కా చూశాడు. రెండు వందల ముప్ఫై ఒకటి. ప్రతి చుక్కా పక్కదానికి కవలపిల్ల. తప్పు పట్టడానికి ఒక్కటీ దొరకలేదు. దొరికితే బాగుండునని లోపల ఎక్కడో ఉండింది, ఆ మాట తనకు తానే ఒప్పుకోలేదు.

వరదలక్ష్మికి ఫోను చేసి ఉన్నది చెప్పాడు. ఆమె కంగారుపడింది. "ఆహ్వానాలు పోయినాయి, ఆచారిగారూ. చేతి పని అని అచ్చేసి ఉండాది. ఇప్పుడు మిషను పని అంటే కమిటీ వాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతారు. ఇంకా రెండేండ్లే ఉండాది నా సర్వీసు. మీరు వచ్చి శాలువా కప్పించుకోని పొండి, ఎవురికీ ఏమీ చెప్పబాకండి." నిజం చెప్పి ఒకసారి ఆమెను ఇరకాటంలో పెట్టాడు. రెండోసారి పెట్టడానికి నోరు రాలేదు. ఆమె కోసమేనా ఊరుకున్నది, పూర్తిగా ఆమె కోసమేనా అంటే, ఆ ప్రశ్నను ఆయన రాత్రంతా పక్కకు నెడుతూనే ఉన్నాడు.

సభ పెద్దదేం కాదు. నూటయాభై కుర్చీలు, చల్లగదులకు అలవాటుపడ్డ మనుషులు, గోడకు వెంకట్రావు మాస్టారి ఫోటో. ఎవరో పెద్దాయన కౌముది పరిశోధన గురించి ఇంగ్లీషులో అరగంట మాట్లాడాడు. విఘ్నేష్ ఫోనులో వీడియో తీస్తూ ఉన్నాడు. కౌముది లేచి పతకం అందుకుంది. కూర్చునే ముందే దాన్ని తిప్పి, గోటితో ఒక్కచోట తడిమి చూసుకుంది. అప్పుడు ఆమె మొహంలో కనపడిన నిశ్చింత చూసి వెంకటపతికి కొంత భారం దిగింది.

తరువాత ఆయన పేరు పిలిచారు. ఇంటిపేరుతో సహా, మైకులో. మెట్లెక్కి వేదిక మీదికి పోయాడు. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. కౌముది రెండు చేతులూ జోడించి దగ్గరికి వచ్చి, వినపడీ వినపడనట్టు అడిగింది.

"ఒకటిన్నర రోజులో ఎలా చేశారండీ? నిద్ర పోయినట్టు లేదు మీరు."

అప్పుడు చెప్పవచ్చు. మైకు దూరంగా ఉంది, ఆమెకు తప్ప ఎవరికీ వినపడదు. వెంకటపతి నోరు తెరిచాడు. "ఏదో, దేవుడి దయ" అన్నాడు.

మరుసటి రోజు పేపరులో ఫోటో పడింది. అమ్ములు దాన్ని కత్తిరించి పటం కట్టించమంది. సందులో ఎదురైనవాళ్ళు నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. శాలువాను ఆయన ఎవరికీ కనపడకుండా బీరువా అడుగున పెట్టాడు. అన్నం తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు, ఉన్నట్టుండి ఆ మూడు మాటలు గుర్తొచ్చేవి. ఏదో, దేవుడి దయ. తన తప్పు మీదికి దేవుణ్ణి కూడా లాగాడు.

వారం తిరక్కుండా బాలమురుగన్ అనే పళ్ళ డాక్టరు కొట్టుకు వచ్చాడు. పేపరు ముక్క చేతిలో ఉంది. తన క్లినిక్కుకు ఇత్తడి పలక మీద పేరు కావాలట, ఈ పెద్దాయన చేత్తోనే కావాలట, వచ్చే వారానికే కావాలట. విఘ్నేష్ ఆయనను వెనక బల్ల దగ్గరికి తీసుకువచ్చాడు. వెంకటపతి పలక అందుకుని, బరువు చూసి, తిరిగి ఆయన చేతిలో పెట్టాడు.

"ఆ పతకం నేను చెయ్యలేదు డాక్టర్. మా అల్లుడి మిషను చేసింది. నేను చేసింది తప్పుపోయింది" అని తమిళంలో చెప్పాడు.

డాక్టరు ఆయనవైపు, పేపరువైపు చూశాడు. వేళాకోళం అనుకున్నాడేమో, ఎవరు చేస్తే ఏమైంది అయ్యా, నాకు పలక టైముకు రావాలి అన్నాడు. యాభై ఏడేళ్ళలో మొట్టమొదటిసారి వెంకటపతి చేతిపని పేరు మీద వచ్చిన మనిషి ముందుగదిలోకి పోయి, యంత్రం అద్దంలోంచి తన పేరు వెలుగుతూ పడటం చూస్తూ నిలబడ్డాడు. పోతూ పోతూ బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

ఆ సాయంత్రం వెంకటపతి బొటనవేలికి వేడినూనె రాయించుకుంటూ అమ్ములుతో అన్నాడు. "ఆయమ్మకు చెప్పాల."

"ఫోను చేసి చెప్పు. ఎవురు పట్టుకున్నారు నిన్ను?"

"ఉత్త చేత్తో పోయి ఎట్టా చెప్పేది? నా చేత్తో చేసింది ఒగటి ఇచ్చి, ఇది నాది, అది కాదు అని చెప్పాల."

"ఎన్నాళ్ళకు?"

"అయినన్నాళ్ళకు."

మర్నాడు మామూలు రాగిరేకులోంచి ఒక బిళ్ళ కత్తిరించుకుని మొదలుపెట్టాడు. దీనికి వెనకవైపు మాస్టారి ముఖం ఉండదు, పట్టుగుడ్డ పెట్టె ఉండదు, అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నలభయ్యో చుక్క దగ్గర వేలు జారింది. ఇంకో బిళ్ళ తీశాడు. అది తొంభై దాకా వచ్చి చెడింది. అప్పుడు కనిపెట్టాడు. యంత్రం నడిచేటప్పుడు దాని పొగ లాగే మోటారుకు నేల సన్నగా అదురుతుంది, ఆ అదురు బల్ల కాళ్ళ గుండా చేతికి వస్తుంది. వణుకు సగం వేలిది, సగం నేలది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే సాకు వెతుక్కుంటున్నట్టు ఉంటుందని. ఆయన బల్ల కాలు తడిమి చూసుకోవడం ముందుగదిలోంచి విఘ్నేష్ చూసి ఉండాలి.

మూడో బిళ్ళ ఆయన కత్తిరించుకోలేదు. పొద్దున వచ్చి చూస్తే లక్క పరిచిన చెక్క మీద గుండ్రంగా, అంచులు అరగదీసి సిద్ధంగా ఉంది. ముందుగదిలో విఘ్నేష్ పనిలోకి దిగకుండా కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. మోటారు చప్పుడు లేదు. ఏమిరా, పని లేదా అని అడిగితే, పదకొండు దాకా కరెంటు చాలా లో వోల్టేజీ మామా, మిషనుకు మంచిది కాదు అన్నాడు. తల మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ప్రతిరోజూ పది నుంచి పదకొండు దాకా ఆ కొట్టులో వోల్టేజీ తక్కువే. ఆ గంటలో ఎనిమిది చుక్కలు పడతాయి, మంచి రోజైతే పది. పదకొండుకు విఘ్నేష్ లేచి స్విచ్చి వేస్తాడు, నేల అదరడం మొదలవుతుంది, వెంకటపతి ఉలి దించి గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాడు. నిన్నటికి నూట పద్దెనిమిది.